ఓబులేశు ఊదిన చక్రాలు

అహల్యకు చక్రాలు ఎంచుకోవడం చేతకాలేదు.

దస్తగిరి తాత షెడ్డులో ఒక గోడ నిండా చక్రాలే. అన్నీ రిమోటుతో నడిపే బొమ్మ ట్రక్కులకు వేసేవి. మొరటు పళ్లున్నవి కొన్ని, ఇసుకను తెడ్లలా తోసుకుంటూ పోయేవి కొన్ని, బండరాళ్లను పట్టుకుని ఎక్కే మెత్తటివి కొన్ని. ఎదురు గోడకు బాడీలు వేలాడుతుండేవి. ఇంకా రంగు పడనివి, అవతలి వస్తువు కనబడే పలచటి ప్లాస్టిక్‌వి. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడిందంటే అవి అక్కడ ఉన్నాయో లేవో తెలిసేది కాదు. గాలికి కదిలితేనే ఉన్నాయని నమ్మాలి.

చలికాలం మొదలైన దగ్గరనుంచి అహల్య బడిలో పాఠాలు ముగించుకుని రోజూ ఆ గోడ దగ్గరికి వస్తోంది. ఒక చక్రం తీస్తుంది. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తుంది. పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలాగా దానికో వంక పెట్టి మళ్లీ గోడకే తగిలిస్తుంది. బాడీల వైపు చూస్తుంది, నిట్టూరుస్తుంది, ఇంటికి పోతుంది.

తాత ఒక్కనాడూ "ఏదో ఒకటి తీసుకో తల్లీ" అనలేదు.

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున, నీళ్లు తగ్గి ఇసుకా బండలూ బయటపడే చోట ఆయన షెడ్డు. కుర్రకారు సెలవుల్లో ట్రక్కులు తెచ్చి ఏటి ఇసుకలో ఎగిరిస్తుంటారు. వాటిని బాగుచేసేదీ, నడపడం నేర్పేదీ ఆయనే. శుక్రవారం దర్గాలో సాంబ్రాణి వేసి నెమలీకల కట్టతో వచ్చినవాళ్ల తలలు నిమిరేదీ ఆయనే. కొందరు మెకానిక్ అంటారు, కొందరు పీర్‌సాబ్ అంటారు. ఆయన రెండింటికీ పలుకుతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, తాత దగ్గర ఆ భయం లేదు. ఆయన చెప్పేది తక్కువ.

అహల్య తెచ్చే ట్రక్కు ఆమె తమ్ముడు ఓబులేశుది. తాతకు ఇష్టమైన శిష్యుడు వాడు. కిందటేడు జ్వరమని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. వాడు పోయిన నెలకు అహల్య ఆ ట్రక్కును చంకన పెట్టుకుని వచ్చి, "నాకు నేర్పు తాతా" అంది. అప్పటినుంచి ఆమె శిష్యురాలు.

ఆ బండి బాడీ మీద సింహం ముఖం ఉంటుంది. గీసింది అహల్యే, ఆమె బడిలో డ్రాయింగు టీచరు. రంగులు వేసింది మాత్రం ఓబులేశు. ఈ బాడీలకు రంగు పైన వెయ్యరు, లోపలివైపునుంచి వేస్తారు. అందుకే అంతా తలకిందులు. దేవుడి బొమ్మకు కళ్లు చివర దిద్దుతారు కదా, ఇక్కడ కళ్లు మొదట పెట్టాలి. తర్వాత మీసాలు, ఆ తర్వాత ముఖం, అన్నిటికన్నా చివర ఒంటి రంగు. "మనిషినీ ఇట్లే చేసుంటాడక్కా దేవుడు, లోపలినుంచి" అని వాడు నవ్వేవాడు, వేళ్లకు పసుపురంగు పూసుకుని.

ఇప్పుడు ఆ సింహానికి ఒక చెవి లేదు. దవడ పగిలింది. అహల్య లోపల పట్టీలు అతికిస్తూనే ఉంది, అది పగులుతూనే ఉంది. కారణం చక్రాలు. బండి బండమీదనుంచి దిగిన ప్రతిసారీ బంతిలాగా ఎగురుతుంది, పక్కకు ఒరుగుతుంది, వెల్లకిలా పడుతుంది. పడిన ప్రతిసారీ సింహంలో ఓ ముక్క ఏట్లో కలుస్తుంది. అట్లాగే నడిపితే తమ్ముడిది చివరికి ఏమీ మిగలదు. అన్నీ మార్చేస్తే ఇప్పుడే ఏమీ మిగలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"చక్రాలు మార్చి, బాడీ మార్చేస్తే, ఇంక ఇది వాడి బండేనా తాతా?"

తాత ఆమె ముందున్న గ్లాసు వైపు చూశాడు. "టీ చల్లారిపోతాంది, తాగు."

అహల్యకు కోపం వచ్చింది. ఏడాదిగా గుండెలో మోస్తున్న ప్రశ్నకు టీ జవాబా? అయినా తాగింది.

అంతలో షెడ్డు గుమ్మంలో ఒకామె నిలబడింది, చంకలో గుక్కపట్టి ఏడుస్తున్న చంటిబిడ్డతో. సాయంత్రం నమాజు అయ్యాక ఇట్లా తల్లులు రావడం మామూలే. మతమేదైనా సరే, బిడ్డ బెదిరిందంటే తాత దగ్గరికే తెస్తారు. తాత చేతులు తుడుచుకున్నాడు. కళ్లు మూసుకుని పెదవులు కదిపి ఏదో చదివాడు. బిడ్డ ముఖం మీద మెల్లగా ఊదాడు. బిడ్డ ఉలిక్కిపడి, కళ్లు చికిలించి, ఒక తుమ్ము తుమ్మి, ఏడుపు ఎందుకు మొదలుపెట్టిందో మరిచిపోయింది. తల్లి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అహల్య వాళ్లు పోయిన దారినే చూస్తూ అడిగింది. "నువ్వు ఊదిన ఊపిరి ఆ బిడ్డ దగ్గర ఎంతసేపుంటాది తాతా?"

"నాకెట్ల తెలుస్తాది? నేను వదిలేసినా కదా!"

ఆయన నవ్వి మళ్లీ పనిలో పడ్డాడు. సాంబ్రాణి వాసన ఆయన చొక్కాలోంచి వస్తూనే ఉంది.

మర్నాడు తెల్లవారుజామున అహల్యకు కల వచ్చింది. ఏట్లో నీళ్లు లేవు, పొగమంచు పారుతోంది. ఓబులేశు మోకాళ్లదాకా ఆ మంచులో నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఒక చక్రం. దాన్ని నోటిదగ్గర పెట్టుకున్నాడు గానీ ఊదడంలేదు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. "ఊదరా" అంది అహల్య. వాడు ఆమె వైపు చూసి, ఊదలేనన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

లేచి కూర్చుంది. ఇంక పడుకోబుద్ధి కాలేదు. శాలువా కప్పుకుని, ట్రక్కు తీసుకుని ఏటికి వెళ్లింది.

ఏటిమీద నిజంగానే మంచు. ఇసుక ఎక్కడ ముగుస్తుందో, నీళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలియడంలేదు. తాత నమాజు ముగించుకుని అప్పటికే ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. నేను వస్తానని ఈయనకు ఎవరు చెప్పారు అనుకుంది అహల్య. ఆయన కూర్చున్నది ఆమె వస్తుందని కాదు, రోజూ అక్కడే కూర్చుంటాడు.

అహల్య బండిని వదిలింది. సింహం మంచులోకి దూసుకుపోయింది. చిన్న మిట్ట ఎక్కింది, దిగింది, ఎగిరింది. మళ్లీ ఎగిరింది. ఆ పైన వెల్లకిలా పడి గాల్లో చక్రాలు తిప్పుతూ ఉండిపోయింది. అహల్య పరుగున వెళ్లి తీస్తే రెండో చెవి చేతిలోకి వచ్చింది.

తాత లేచి వచ్చాడు. ఇన్నాళ్లూ ఆయన ఆ బండిని ముట్టుకోలేదు. బాగుచేస్తానన్న ప్రతిసారీ ఆమే వద్దంది. ఈసారి చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది.

ఆయన ఒక చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు. అణగలేదు. రెండోది నొక్కాడు. అదీ అణగలేదు. బండిని తిప్పి రిమ్ము దగ్గర వేలితో తడిమాడు. ఈ ట్రక్కుల చక్రాలకు గాలి కొట్టరు. టైరులో స్పాంజి ఉంటుంది. రిమ్ముకు గుండుసూది దూరేంత రంధ్రాలుంటాయి. రాయి తగిలినప్పుడు టైరు అణిగి లోపలి గాలి వాటిలోంచి పోతుంది, పైకి లేచినప్పుడు మళ్లీ వస్తుంది. ఆ రంధ్రాలుండాల్సిన చోట ఇప్పుడు గమ్ము గడ్డకట్టి ఉంది.

"ఎవరు పూడ్చినారమ్మా వీటిని?"

"నేనే."

"లోపలికి ఇసుక పోతాదనా?"

అహల్య చేతిలోని సింహం చెవిని పిడికిట్లో మూసింది.

"వాడి ఊపిరి పోతాదని."

ఇంక ఆమె ఆగలేకపోయింది.

"టైరు అతికించే ముందు లోపల ఉఫ్‌మని ఊదేవాడు తాతా, దుమ్ము పోవాలని. నీ దగ్గర నేర్చుకున్నదే. ఊదినోడు ఊదినట్టే రిమ్ముకు బిగించి అతికించేసేవాడు. వాడు పోయినాక ఒకనాడు బండిని దగ్గరికి తీసుకుంటే టైరు అణిగింది. నా చేతిమీద గాలి వచ్చింది. ఇంత. అది వాడిదే కదా అనిపించింది. ఇంట్లో వాడి చొక్కాలు పంచేసినారు. ఫోను ఎవరికో ఇచ్చేసినారు. ఇదొక్కటే కదా ఉండేది. ఆరోజే పూడ్చేసినాను."

చెబుతూ చెబుతూ ఏడ్చింది. "నవ్వుతావని నీతో చెప్పలేదు."

తాత నవ్వలేదు. ఆ గాలి ఏనాడో పోయి ఉంటుందనీ చెప్పలేదు. ఆమె పక్కనే తడి ఇసుకలో కూర్చున్నాడు. జేబులోంచి దబ్బనం తీశాడు.

"ఇట్ల రా తల్లీ. ముఖం దగ్గరికి పెట్టు."

అహల్యకు ఆయన చెయ్యబోయేది అర్థమైంది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. కలలో తమ్ముడి బుగ్గలు గుర్తొచ్చాయి. వద్దనలేదు. చెంప చక్రానికి ఆనించింది.

తాత పెదవులు కదిలాయి. ఆయన బిడ్డల ముఖాన ఊదే ముందు చదివేదే కావచ్చు. దబ్బనం గమ్ములోకి దిగింది. చిటుక్కుమంది. ఆయన టైరును మెల్లగా, అరచేత్తో, పూర్తిగా నొక్కాడు.

సన్నటి గాలి అహల్య చెంపమీద తగిలింది. కొంచెం రబ్బరు వాసన, కొంచెం గమ్ము వాసన. గోరువెచ్చగా ఉందనిపించింది. కన్నీళ్ల తడిమీద కాసేపు చల్లగా నిలిచి, ఆగిపోయింది.

"పోయిందా?" అన్నాడు తాత.

"పోయింది."

ఆయన టైరు మీదనుంచి చెయ్యి తీశాడు.

టైరు మెల్లగా లేవసాగింది. ఆ చిన్న రంధ్రం బయటి గాలిని లోపలికి లాగుకుంటున్న చప్పుడు ఆమె చెవికి వినబడింది. నిద్రపోతున్న పిల్లవాడు ఊపిరి తీసినట్టు ఉంది. ఏటిమీది మంచు కూడా ఆ చక్రంలోకే పోతున్నట్టు అనిపించింది అహల్యకు. టైరు నిండింది. గుండ్రంగా, మొదటిలాగే నిలబడింది.

తాత దబ్బనాన్ని ఆమె చేతిలో పెట్టి లేచి, ఇసుక దులుపుకుని, బండమీదికి వెళ్లిపోయాడు.

మిగతా మూడూ అహల్యే తెరిచింది. ఒక్కొక్కటీ చెంపకు ఆనించుకుంది, నొక్కింది, వదిలింది. చివరిదాన్ని నొక్కినాక చాలాసేపు వదల్లేదు. తర్వాత వదిలింది.

బండిని మళ్లీ ఏట్లోకి పంపింది. చెవుల్లేని సింహం మిట్టెక్కి దిగింది. ఈసారి ఎగరలేదు. చక్రాలు రాయిమీద అణిగి, లేచి, ముందుకు పోయాయి. బండి మంచులో కలిసిపోయింది. మోటారు చప్పుడు మాత్రం దూరంనుంచి వస్తోంది. కాసేపటికి పెద్ద బండ చుట్టూ తిరిగి, ఎవరో తోలుకొచ్చినట్టు నెమ్మదిగా ఆమె కాళ్లదగ్గరికి వచ్చి ఆగింది.

అహల్య వంగి చూసింది. ఏడాదిగా రోజూ చూస్తున్న చక్రాలే. వాటి పళ్లు పూర్తిగా అరిగి నున్నబడ్డాయని అప్పుడే కనబడింది.

"అరిగిపోయినాయి తాతా," అంది.

"ఊఁ," అన్నాడు తాత.

ఎండ వచ్చాక ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. అహల్య ఎదురు గోడనుంచి ఒక బాడీ దించింది. రంగు లేని బాడీ. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దానిలోంచి కాసేపు ఏటిని చూసింది. "కళ్లు ముందు పెట్టాలి కదా," అని తనలో తనే అనుకుని, బల్లమీద పెట్టింది. పాత సింహాన్ని విప్పి మేకుకు తగిలించింది. ఆ తర్వాత చక్రాల గోడ దగ్గరికి వెళ్లింది. ఈసారి బరువు చూడలేదు, వంకా పెట్టలేదు. చేతికందిన నాలుగు కొత్త టైర్లూ, నాలుగు రిమ్ములూ తెచ్చుకుని నేలమీద చాప పరుచుకుని కూర్చుంది.

మొదటి టైరు చేతిలోకి తీసుకుంది. లోపల సన్నటి దుమ్ము ఉంది.

నోటి దగ్గరికి తెచ్చుకుని ఉఫ్‌మని ఊదింది.

ఆ చప్పుడు అచ్చం ఓబులేశుదే. తాత పని ఆపి తలెత్తాడు. అహల్య కూడా ఉలిక్కిపడింది.

తాత గమ్ము సీసా మూత తీసి ఆమె పక్కన పెట్టాడు.