ఏటిలో దొరికిన ముఖం

ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించడం చెంగల్రాయుడు గారి అలవాటు. కలంకారీలో చేయి తిరిగిన మనిషి. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. శిష్యుడు కోదండం ఆ సంగతి తెలిసీ అడిగాడు.

అడగక ఏం చేస్తాడు పాపం. తొలిసారిగా అతని చేతికి పెద్ద గుడ్డ వచ్చింది, జాతరలో కట్టే అమ్మవారి బొమ్మ తెర. చీర, నగలు, చేతులు అన్నీ కుదిరాయి. ముఖం ఒక్కటే తొమ్మిది రోజులుగా ఖాళీ. మర్నాటికి అది పడకపోతే తెర ఇంకొకరి చేతికి పోతుంది.

“గురువు గారూ, అమ్మవారికి పోలిక తెచ్చుకుందామంటే ఈ ఊళ్లో చూడదగ్గ ముఖం ఒక్కటీ లేదు. ఎక్కడ వెతకమంటారు?”

“ఇవాళ మునెమ్మకు సాయంగా ఏటికి వెళ్లు,” అన్నారు గురువు గారు తల ఎత్తకుండానే.

మునెమ్మ వాళ్లు బొమ్మలేసే గుడ్డలన్నీ ఏట్లో జాడించే ఆవిడ. మూడేళ్లుగా కోదండం ఆమె చేతికి గుడ్డలు ఇస్తున్నాడు, తీసుకుంటున్నాడు. ఆమె ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవాడే. గొణుక్కుంటూనే మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. ఆమె ఒక్కో గుడ్డనూ జాడించి ఎండకు ఎత్తి పట్టి చూస్తోంది. రంగు పట్టడానికి పూసిన పటిక ఏ మూలనైనా మిగిలితే ఉడకేసినప్పుడు రంగు పాకి బొమ్మ చెడిపోతుంది.

“ఆ చివర పట్టుకో సామీ,” అంది. పట్టుకున్నాడు. ఇక చెయ్యడానికి ఏమీ లేక ఆమెనే చూశాడు.

చూసి, చూపు తిప్పుకోలేకపోయాడు. బిడ్డకు జ్వరం తగ్గిందా లేదా అని నుదురు తడిమే తల్లి చూపులా ఉంది గుడ్డ మీది ఆమె చూపు. ఒక కనుబొమ పైకి లేచింది, పెదవి బిగిసింది, మచ్చ లేదని తేలగానే ముఖమంతా మెల్లగా విచ్చుకుంది. కోదండం గుడ్డ చివర వదిలేసి తడి పంచెతోనే పరుగు లంకించుకున్నాడు. వెనక నుంచి మునెమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. ఆ పూట అతనికి ఆ తిట్లు కూడా తీయగానే వినిపించాయి.

సాయంత్రం ఆరిన గుడ్డల మూట దించి, మునెమ్మ అప్పుడే ముఖం పూర్తయిన తెర ముందు నిలబడింది. “ఎవరి బిడ్డో గానీ, బలే కళగా ఉండాది,” అని ఇంటికి వెళ్లిపోయింది.

కోదండం సంతోషం పట్టలేకపోయాడు. “మీకు ముందే తెలుసు కదా గురువు గారూ. మొదటి రోజే చెప్పి ఉంటే ఇన్నాళ్ల అవస్థ తప్పేది.”

చెంగల్రాయుడు గారు ఆ ముఖాన్ని చాలాసేపు చూశారు.

“నాకెక్కడ తెలుసు నాయనా,” అన్నారు. “ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, ఆవిడ నాకెప్పుడూ ఇలా కనపడలేదు. రేపు నేనూ ఏటికి వస్తాను.”