మీసం కింద సున్నపు బొట్టు

మాధవగిరి రాజు కేతభూపాలుడికి ఒకరోజు పొద్దున్నే కొత్త కోరిక పుట్టింది.

"ఎదుట అందరూ పొగిడేవాళ్లే. వెనక ఏమనుకుంటున్నారో నాకు తెలియాలి!"

కొత్వాలు రుద్రప్ప ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "అదెంత పని ప్రభూ! అంగడి గోడ దగ్గర మారువేషాల్లో మనుషుల్ని పెడతాను."

అంగడి వీధిలో పొడవాటి ఎర్రమట్టి గోడ ఉంది. ఎవరికేం తోచినా దాని మీద బొగ్గుతో రాసేవారు. నచ్చినవాళ్లు కింద సున్నంతో బొట్టు పెట్టేవారు. చదవరానివాళ్లు కూడా పక్కవాళ్లచేత చదివించుకుని, నవ్వుకుని, బొట్టు పెట్టి పోయేవారు.

రుద్రప్ప దండోరా వేయించాడు. రాజును వెక్కిరిస్తూ రాసినవాళ్లకూ, బొట్టు పెట్టినవాళ్లకూ ఒకటే శిక్ష, దేశబహిష్కారం. తన మనుషులకు మాత్రం చాటుగా ఇంకో మాట చెప్పాడు. "సాయంత్రం ఉత్త చేతులతో వచ్చారో, మీకు కూడు లేదు!"

వారం తిరక్కుండానే చెర నిండింది. అందులో తమలపాకులమ్మే పోలమ్మ కూడా ఉంది. రాజుగారి మీసం గురించి రాసిన మాటకు బొట్టు పెట్టిందట. రాబోయే రాజుగారి పుట్టినరోజు పండగ అయ్యాక ఆమెను ఎల్ల దాటిస్తారు.

రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే గవరయ్య ఆ ముసలిదాని దగ్గరే ఆకులు కొనేవాడు. చెరకు పరుగెత్తాడు.

"ఏం పనే పోలమ్మత్తా ఇది!"

"నాకు చదువొచ్చా నాయనా? ఎవడో బొగ్గుతో రాశాడు, వాడే చదివి నవ్వించాడు. 'బొట్టు పెట్టత్తా, నీ సున్నమేగా' అన్నాడు. పెట్టానో లేదో, వాడే నా చెయ్యి పట్టుకున్నాడు!"

గవరయ్య కాసేపు ఆలోచించాడు. తర్వాత తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, పుట్టినరోజున ఊరందరికీ కోటలో విందు పెట్టండి. గోడను కొత్తగా అలికించండి. సాయంత్రం మీరే వచ్చి చూస్తే కొత్వాలుగారి పనితనం తెలుస్తుంది."

రుద్రప్ప పొంగిపోయాడు. "తప్పకుండా చూడాలి ప్రభూ!"

"విందుకు రానివాళ్లు రాజద్రోహులే గదా కొత్వాలుగారూ?" అన్నాడు గవరయ్య అమాయకంగా.

"రాకపోతే ఈడ్చుకొస్తాను! చెరలోవాళ్లను కూడా తెస్తాను, తిని ఏడవనీ!"

అన్నంత పనీ చేశాడు. మంచం పట్టినవాళ్లను మంచాలతో సహా మోయించాడు. ఊరంతా లోపలికొచ్చాక కోట తలుపుకు తాళం వేసి, చెవి తన మొలలో దోపుకున్నాడు. అతని మారువేషాల మనుషులు మాత్రం అలవాటుగా గోడ దగ్గరే కాపు కాశారు.

సాయంత్రం తలుపు తీశారు. రాజు ముందు, ఊరు వెనక, అందరూ గోడ దగ్గరికి నడిచారు.

పొద్దున్నే కొత్తగా అలికిన గోడ నిండా తిట్లే! రాజు దొంగ, రాజు తిండిపోతు, రాజు పిరికిపంద. ప్రతి తిట్టు కిందా నాలుగైదు బొట్లు.

"చూశారా ప్రభూ!" రుద్రప్ప గొంతు చించుకున్నాడు. "ఒక్క పూటలో ఎంత ద్రోహమో! నేను లేకపోతే ఏమయ్యేది?"

రాజు ముఖం ఎర్రబడింది. "ఎవరు రాశారివన్నీ?"

గవరయ్య చేతులు కట్టుకుని అన్నాడు:

"ఊరు ఊరంతా కోటలో ఉంది ప్రభూ. తాళంచెవి కొత్వాలుగారి మొలలో ఉంది. బయట మిగిలిందెవరో ఆయన్నే అడగండి!"

రుద్రప్ప చెయ్యి మొల మీదికి పోయింది. మారువేషాలవాళ్లు బొగ్గు అంటిన చేతుల్ని గబగబా వెనక్కి దాచుకున్నారు. ఎవడో పిల్లిలా నసిగాడు. "ఉత్త చేతులతో వస్తే కూడు పెట్టరు గదా దొరా..."

జనం గొల్లుమన్నారు. రాజుకు కోపం రాబోయి నవ్వొచ్చింది.

"ఇంతకీ ఆ ముసలమ్మ బొట్టు పెట్టిన మాటేంటిరా గవరయ్యా? నాకెవడూ చెప్పి చావడే!"

గవరయ్య బొగ్గుముక్క తీసి గోడ మీద రాశాడు: "రాజుగారి మీసం పొద్దున్నే సభకొస్తుంది. రాజుగారు మధ్యాహ్నానికొస్తారు."

రాజు చదివాడు. మీసం తడుముకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. పోలమ్మను పిలిచి, ఆమె సున్నపుకాయలో వేలు ముంచి, ఆ మాట కింద ఇంత బొట్టు పెట్టాడు.

"పోలమ్మనూ, చెరలో ఉన్న అందరినీ వదిలేయండి! నీకేం కావాలో కోరుకోరా గవరయ్యా!"

గవరయ్య ఆ తడి బొట్టు వైపు చూసి, రుద్రప్ప వైపు తిరిగాడు.

"నాకేమీ వద్దు ప్రభూ. కొత్వాలుగారూ, బొట్టు పెట్టినవాళ్లకూ అదే శిక్ష గదా? పట్టుకోండి మరి!"