పొయ్యి వెలగని జాతర

సముద్రం తన హద్దులో తానుండే రోజుల్లో, ఇప్పుడు పడవలు తిరిగే చోట ఒక ఊరుండేదట. ఆ ఊళ్లో పీతలు పట్టుకుని బతికే ఎర్రమ్మ అనే ముసలామె ఉండేది. నా అన్నవాళ్లు లేరు. నోరు మాత్రం ఉంది.

ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి. ఊరి వెనక సున్నపు బట్టీలు. బట్టీలవాళ్లు బియ్యం ఇస్తారని జనం మడచెట్లు నరికి మోసేవారు. బట్టీలు పగలూ రాత్రీ మండేవి. ఆ పొగ ఆకాశాన్ని దుప్పటిలా కప్పేసింది. కింది వేడి కిందే ఉండిపోయింది. వేడెక్కిన సముద్రం పొయ్యి మీది పాలలా ఉబ్బుతూ వచ్చింది.

మొదట వలలారేసే ఇసుకమేట పోయింది. కులపెద్ద లచ్చయ్య, "గంగమ్మకి కోపమొచ్చింది. జాతర సేద్దాం. అమ్మకి మడకర్ర పొగంటే ఇష్టం" అన్నాడు. చెట్లు నరికారు. పొంగళ్లు వండారు. ఆటు వేళకి నీళ్లు కాస్త వెనక్కి తగ్గితే, అమ్మ శాంతించిందని ఈలలు వేశారు. ఎర్రమ్మ తల బాదుకుంది.

రెండోసారి ముందు వరస ఇళ్లు పోయాయి. ఎర్రమ్మ పొయ్యిరాళ్లు నెత్తిన పెట్టుకుని వెనక్కి జరిగింది. మళ్లీ జాతర. మళ్లీ గొడ్డళ్లు.

"సెట్లు నరికీసి, సముద్రం వచ్చీసిందని ఏడుత్తారేట్రా!" అని అరిచింది. ఎవరు వింటారు?

మూడోసారి బావులన్నీ ఉప్పెక్కాయి. ఊరి చివర మెట్ట మీద ఒక్క మంచినీళ్ల బావి మిగిలింది. దాని ముందు ఒక్క మడతోపు మిగిలింది. మూడో జాతరకి లచ్చయ్య మనుషుల్ని వెంటేసుకుని అక్కడికే వచ్చాడు. ఎర్రమ్మ బురదలో, చెట్లకి అడ్డంగా కూర్చుంది.

"లెగు పిన్నీ. అమ్మవారి పని."

"ఈ తోపు పోతే బావి పోద్ది. నీ పిల్లలకి ఉప్పునీళ్లు తాగిత్తావేట్రా? పొగ కావాలని అమ్మ నీ సెవిలో సెప్పిందేటి? నాను లెగను. ముందు నన్ను నరుకు!"

ఆ నోటికి జడిసి వెనక్కి పోయారు. ఎర్రమ్మకి వాళ్ల మీద నమ్మకం లేదు. తాను ఇంటికెళ్తే మళ్లీ వస్తారని అక్కడే ఉండిపోయింది.

మర్నాడు తెల్లారుతూనే ఉప్పెన వచ్చింది. జనం బావి మెట్ట మీదికి పరుగెత్తారు. "పిన్నీ, పైకొచ్చీయే!" అని లచ్చయ్య గొంతు చించుకున్నాడు. ఆ గాలిలో ఆమెకు వినపడిందో లేదో. కెరటం ఇళ్లన్నీ ఊడ్చేసి, తోపుకి తగిలి విరిగింది. బావి మిగిలింది. జనం మిగిలారు. ఎర్రమ్మ మాత్రం మడవేళ్ల మధ్య ఊపిరి లేకుండా దొరికింది. లచ్చయ్య బోరున ఏడ్చాడు. బతికుండగా ఆమె మాట వింటే ఏం పోయిందట!

ఇప్పటికీ ఆ బావి మెట్ట మీద గంగమ్మ జాతరకి పొయ్యి వెలిగించరు. నానబెట్టిన పెసరపప్పు, చలిమిడి, కొబ్బరిముక్కలే నైవేద్యం. ఆ రోజు ఇంటికొక మడమొక్క నాటుతారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, "వేడి పొంగలి పెట్టకపోతే అమ్మకి కోపం రాదా అత్తా?" అని అడుగుతుంది.

"గంగమ్మకైతే ఎలాగోలా నచ్చసెప్పుకుంటాం గానీ, ఎర్రమ్మ ఊరుకోదే తల్లీ" అంటుంది అత్త.