సుంకన్న చివరి చరణం

2024 ఏప్రిల్ 18, గురువారం. పొద్దున తొమ్మిదికే వడగాలి లేచింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎన్నికలు దగ్గర పడ్డాయి గనక ఆ గాలిలో దుమ్ముతో పాటు మైకుల మోతా వస్తోంది. తత్వాలు నేర్పే కంబగిరయ్య తన రేకుల పంచలో చాప మీద కూర్చున్నాడు. పక్కన నేను. ఎదురుగా శిష్యుడు ఓబులేసు, చేతిలో ఫోనుతో.

"స్వామీ, పెద్దన్న మనుషులు నన్నొక తత్వం కట్టిమ్మన్నారు," అన్నాడు ఓబులేసు. పెద్దన్న అంటే మా వైపు పోటీకి నిలబడిన నాయకుడు. అందరూ ఆయన్ని అట్లాగే పిలుస్తారు. "ఆఖర్న నా పేరు బదులు ఆయన పేరు పెట్టమంటాండారు. ఫోన్లలో లక్షమందికి పోతాదంట. పేరు ఎవరిదైతే ఏం స్వామీ? పాట జనానికి ముట్టితే చాలదా?"

తత్వం సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. కట్టినవాడి పేరు చివరి చరణంలో ఉంటుంది. మా వైపు తత్వాలు కట్టే మనిషి పోతే, పాడె ఎత్తే ముందు ఆయన తత్వమే పాడతారు. చివరి చరణాన్ని ఊరంతా అందుకుంటుంది. ఊరి నోట ఆ పేరు పలికాకే పాడె లేస్తుంది. ఇంకే మంత్రమూ ఉండదు.

కంబగిరయ్యకు ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు లేదు. చెప్పులు తొడుక్కుని, "సుంకన్న పోయినాడంట. రాండి," అన్నాడు.

సుంకన్న మట్టిగోడలు పెట్టి బతికినవాడు. "వాన తాకితే కరిగే గోడకు వన్నెలేలనే మనసా, సుంకన్న మాట మరువకే మనసా" అన్నది ఆయన తత్వమే. శివరాత్రి జాగరణలో ఆయన అది పాడుతుంటే ఎవరో ఫోనులోకి ఎక్కించారు. పెద్దన్న మనుషులకు ఆ గొంతు నచ్చింది. ఇప్పుడు మనిషి అక్కర్లేదు కదా, గొంతు చాలు. ఏ గొంతునైనా అచ్చు దించే కంప్యూటరు మిషను సుంకన్న గొంతుతోనే, డీజే మోత మధ్య, ఊరూరా ప్రచార బండ్ల మీద, "వాన తెచ్చిన చేతికి ఓటు వేయవే మనసా, పెద్దన్న మాట మరువకే మనసా" అని పాడింది.

మా కాలంలో రేడియోకు ఒక మర్యాద ఉండేది. తెల్లవారి భక్తి పాటలు, వార్తలు వాటి వేళకు, సినిమా పాటలు మధ్యాహ్నం. ఒకదాని వాకిట్లోకి ఇంకొకటి వచ్చేది కాదు. ఇప్పుడు బొటనవేలు జరిపితే చాలు, ఒకడి తిట్లు, ఎవరింటి బిడ్డకో చెవులు కుట్టించడం, ఒక శవం, ఒక పాట, ఒక కుక్కరు బేరం. నేనూ చూస్తాను. చూడనని అబద్ధం చెప్పను. సరే, సుంకన్న సంగతి.

అంగట్లో కుర్రాళ్లు ఆయన్ని వదల్లేదు. "ఏం సుంకన్నా, పెద్దన్న ఎంత ఇచ్చినాడేం?"

"నేను పాడలేదప్పా. నా గొంతుతో మిషను పాడుతాంది."

"మిషనుకు నీ గొంతు యాడిదబ్బా? అరువిచ్చినావా?"

నవ్వులు. ఆ తర్వాత సుంకన్న నోరు తెరిచి పాడలేదు. తంబూర గూట్లో పెట్టేశాడు.

మేము పోయేసరికి పాడె సిద్ధంగా ఉంది. కూతురు ఉలిగమ్మ తలాపున కూర్చుని తంబూర మీటింది. నాయన పేరు ఊరి చేత పలికించి పంపాలి. ఆమెకు మిగిలిన పని అదొక్కటే. పాట సాగింది. చివరి చరణం వచ్చింది. ఊరంతా భక్తిగా, కళ్లు తుడుచుకుంటూ, ఒక్క గొంతుతో అందుకుంది: "పెద్దన్న మాట మరువకే మనసా."

ఎవరూ కావాలని అనలేదు. చెవులు నేర్పింది నోరు పలికింది, అంతే.

"శవం కాడ కూడా ఓట్లేనా, సిగ్గులేదా?" అని అవతలి పార్టీవాడు ఒకడు లేచాడు. "నోరు జారిందిలేరా, కూర్చో," అని ఇంకొకడు. ఉలిగమ్మ చెయ్యెత్తింది. "మీరెవురూ అందుకోవద్దు. నేనే అంటా," అంది.

మళ్లీ మొదలుపెట్టింది. ఆమె ఒక్కతే చివరి చరణానికి వచ్చింది.

"పెద్ద..." అని ఆగిపోయింది.

చేత్తో నోరు మూసుకుంది. తంబూర ఒళ్లోంచి జారింది. మూడోసారి పాడమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "ఎండ ముదురుతాంది, ఎత్తండప్పా," అని ఎవరో పెద్దాయన అన్నాడు. ఎత్తారు.

తిరిగి వస్తుంటే ఓబులేసు ఫోను జేబులో మోగుతూనే ఉంది. తీయలేదు. "స్వామీ..." అని ఏదో అడగబోయాడు.

కంబగిరయ్య నడక ఆపలేదు. "తంబూర కూతురికి. గొంతు పెద్దన్నకు. పాట అందరికీ ముట్టింది, నువ్వన్నట్టే," అన్నాడు.

కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు:

"పాడె మీద పోయిందెవురో మటుకు ఎవురూ చెప్పలే."