తడిక దాటితే రోకలే!

ఊఁ కొడతారా? కొడితేనే చెబుతా.

మీ తాతల తాతలకి పాలపళ్ళు ఊడని కాలంలో ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇంటింటికీ తిరిగి వడ్లు దంచే ముసలమ్మ నూకాలు. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, దంపుడు ఆపి పరిగెత్తేది. మంచం మీద కూర్చునేది. నుదుటి మీద చెయ్యి వేసేది. "అయ్యో నా తల్లే" అని ముక్కు చీదేది. ఆ చేత్తోనే పక్కింటికి వెళ్ళేది. పలకరించడానికి రానివాళ్ళు మనుషులే కాదని ఆ ఊరి లెక్క మరి!

ఒక చలికాలం పడిశపు జ్వరం వచ్చింది. మీరిప్పుడు ఫ్లూ అంటారే, అదే. నూకాలు కుమ్మరి వాళ్ళని పలకరించి మునసబుగారింటికి వెళ్ళింది. రెండ్రోజులకి మునసబుగారు మంచమెక్కారు. అక్కణ్ణుంచి వదిన సూరమ్మ ఇంటికి వెళ్ళింది. సూరమ్మా మంచమెక్కింది.

నూకాలు కోడలు అచ్చాయమ్మకి నెలలు నిండాయి. ఆ పిల్ల నవ్వుతూ అంది:

"అత్తా, జ్వరం నీ వెనకాలే తిరుగుతున్నట్టుంది."

నూకాలు తిట్టబోయి నోరు తెరిచింది. తిట్టు రాలేదు, తుమ్ము వచ్చింది. కోడలి పొట్ట వంక చూసింది. పోయినేడు ఇదే జ్వరం పక్కవీధి చూలాలిని తీసుకుపోయింది. ఆ పిల్లనీ నూకాలే పలకరించి వచ్చింది.

వెంటనే రోకలి పట్టుకుని గొడ్లపాకలో దూరి తడిక మూసుకుంది.

ఊరు ఊరుకుంటుందా? కోలుకున్న మునసబుగారు వచ్చారు.

"నూకాలూ, ఎలా ఉన్నావే?"

"తడిక దాటారో, రోకలే!"

ఆయన వాకిట్లో కూలబడ్డారు. జ్వరం తగ్గిన సూరమ్మ వచ్చింది.

"ఒక్కసారి నుదురు చూస్తానే, వదినా."

"తడిక దాటావో, రోకలే!"

సూరమ్మ మూతి ముడుచుకుని ఆయనకి దూరంగా కూర్చుంది. ఆఖరికి కోడలు గంజి ముంతతో వచ్చింది.

"నేనూ రాకూడదా, అత్తా?"

"నువ్వసలే రాకు తల్లీ. ముంత అక్కడ పెట్టి పో. తడిక దాటావో..." అంటూనే ముసలిది ఏడ్చేసింది.

ఆ ఇంట్లో ఇంకెవరికీ జ్వరం రాలేదు. అచ్చాయమ్మకి ఆడపిల్ల పుట్టింది. నూకాలు పూర్తిగా కోలుకుని, కుంకుడు రసంతో ముమ్మారు చేతులు కడుక్కున్నాకే మనవరాలిని ఎత్తుకుంది.

చాలా ఏళ్ళు బతికింది. ఎప్పుడు జ్వరమొచ్చినా ఆ పాకలోకే. ఒక పొద్దున ఊరంతా వాకిట్లో నిలబడి పిలిచింది. తిట్టు రాలేదు. మళ్ళీ పిలిచింది. రాలేదు. అప్పుడు గానీ ఎవరూ తడిక దాటలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో జ్వరమొస్తే వాకిట్లోంచే పలకరిస్తారు. లోపలివాళ్ళు "తడిక దాటితే రోకలే!" అని అరవాలి. గట్టిగా అరిస్తే నవ్వుకుంటూ ఇళ్ళకి పోతారు. గొంతు పీలగా వచ్చిందో, వైద్యుడి కోసం పరిగెడతారు.