పాడని పాటపెట్టెలు

ఇవాళ్టి కథ చాలా చిన్నది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. అవి పొంగేలోపు అయిపోతుంది. అందరూ కూర్చున్నారా? సరే.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో... అన్నట్టు, మన నూకరత్నం ఇంట్లో టీవీ చూశారా మీరు? అది ఆగిపోయి పదకొండేళ్ళయింది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద ఆవకాయ జాడీ పెట్టింది. ఎవరైనా అడిగితే, "బాగుచేయిస్తాను" అంటుంది. ఆమెది ఒక్క టీవీయే. చిట్టబ్బాయి గారి అటక మీద మూడు మిక్సీలు, రెండు ఫ్యాన్లు, ఒక ఇస్త్రీపెట్టె ఉన్నాయి. ఒక్కటీ పనిచేయదు. ఆయన వాటిని సామాను అంటాడు. వాళ్ళావిడ ఏమంటుందో పిల్లల ముందు చెప్పకూడదు. వీరన్న అయితే పాత సెల్‌ఫోన్లన్నీ కాలవ గట్టున పారేసి, "మట్టిలో కలిసిపోతాయి" అన్నాడు. నాలుగేళ్ళయింది. ఇంకా కలవలేదు. వీరన్న మాత్రం రోజూ వెళ్ళి చూసి వస్తున్నాడు.

ఎక్కడున్నాం? అడవిలో ఉన్నాం.

ఆ అడవిలో ఒక కోకిల ఉండేది. చాలా బాగా పాడేది. పాడేది మగకోకిల అని మీకు బడిలో చెప్పి ఉంటారు. ఈ అడవిలో ఆడకోకిలే పాడేది. మీ పంతులుగారితో నేను తర్వాత మాట్లాడతాను.

కోకిల వేసవిలో పాడేది, మిగిలిన నెలలు ఊరుకునేది. ఆ నెలల్లో అడవిలో ఎవరికీ తోచేది కాదు. అందుకని కోకిల ఒక పాటపెట్టె తయారుచేసింది. అరచెయ్యంత పెట్టె. లోపల రాగి తీగలు, ఒక బ్యాటరీ, కోకిల గొంతు. మీట నొక్కితే "కుహూ" అనేది. దోసెడు పళ్ళిస్తే ఒక పెట్టె.

అందరూ కొన్నారు. అడవి పెద్ద ఎలుగుబంటి తాత కొన్నాడు. నెమలి రెండు కొంది. ఒకటి వినడానికి, ఒకటి తన దగ్గర రెండున్నాయని చెప్పడానికి. పాము కూడా కొంది. దానికి చెవులు లేవు. అయినా ఎవరడిగినా, "చాలా బాగా పాడుతోంది" అనేది.

పెట్టె ఏడాది పాడేది. తర్వాత గొంతు బొంగురుపోయేది. ఆ తర్వాత మూగబోయేది. బాగుచేద్దామంటే తెరుచుకునేది కాదు. నాలుగు వైపులా జిగురుతో అతికించి ఉండేది.

"పాతదాని గొడవ ఎందుకండీ? కొత్తదాంట్లో రెండు పాటలున్నాయి" అనేది కోకిల.

మరి పాతవాటిని ఏం చేసేవారు? కాకి చెట్టు కింద పడేసేవారు.

ఎందుకంటే ఆ అడవిలో ఒక అలవాటుంది. కోకిల గుడ్డు పెడితే కాకి గూట్లో పెడుతుంది. కాకి పొదుగుతుంది, మేపుతుంది, ఎగరడం నేర్పుతుంది. తాతల నాటి నుంచీ ఇంతే. కోకిల చేసినది ఏదైనా కాకి చూసుకుంటుంది. పెట్టెను చేసింది కోకిలే కదా? తెచ్చి కాకి చెట్టు కింద పడేశారు. ఒక్కరికీ సందేహం రాలేదు. కాకికీ రాలేదు. మొదటి ఏడాది పాపం అది ముక్కుతో వాటిని వరసగా సర్దింది కూడా.

కాకి ఉండేది మద్దిచెట్టు మీద. చెట్టు కింద ఒక చిన్న మడుగు. మడుగులో ఒక కొర్రమీను. కొర్రమీనుకు పిల్లలంటే ప్రాణం. ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా ఈదుతుంటే, కింద తండ్రి కాపలా తిరుగుతుంటాడు. ఈ తండ్రికి మూడు వందల మంది పిల్లలు. ఒక్కరిని కూడా కళ్ళముందు నుంచి పోనివ్వడు. ఇద్దరు పిల్లల్ని సంతకు తీసుకెళ్ళి, ఒకరితో తిరిగొచ్చిన వీరన్న ఈ మాట వినాలి.

ఒకరోజు కొర్రమీను నీళ్ళలోంచి తల పైకెత్తాడు.

"కాకక్కా, ఉన్నావా?"

"ఉన్నాను తమ్ముడూ. చెప్పు."

"నిరుడు తొలకరి పడ్డాక ఏమైందో గుర్తుందా?"

కాకికి గుర్తుంది. వానకు పెట్టెల కుప్ప తడిసింది. బ్యాటరీలు కారాయి. ఆ నీళ్ళు మడుగులోకి దిగాయి. నిరుటి పిల్లల్లో తొమ్మిది మంది మిగిలారు.

"ఈ ఏడు కుప్ప మూడింతలైంది అక్కా. చీమలు అప్పుడే గుడ్లు మోసుకుని గట్టు పైకి పోతున్నాయి. వారం తిరిగేసరికి వాన పడుతుంది. నా పిల్లలకి ఈదడం వచ్చింది. కానీ ఎక్కడికని ఈదుతారు? ఉన్నది ఈ మడుగు ఒక్కటే."

కాకి వెంటనే ఒక పెట్టెను ముక్కున కరుచుకుని కోకిల దగ్గరికి ఎగిరింది.

"వదినా, నీ పెట్టెలు తీసుకుపో. వానలొస్తున్నాయి."

"నావా?" అంది కోకిల. "నేను ఇచ్చేశాను కదా వదినా! ఎవరు కొన్నారో వాళ్ళవి. వాళ్ళనడుగు."

కాకి నెమలిని అడిగింది. "నేను కొన్నది పాటని. పెట్టెతో నాకేం పని?" అంది నెమలి.

రెండోరోజు కాకి మళ్ళీ వెళ్ళింది. "సరే సరే, మనిషిని పంపిస్తాను" అంది కోకిల. నక్క వచ్చాడు. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక పెద్ద ఆకు మీద "ఇక్కడి పెట్టెలన్నీ పద్ధతి ప్రకారం తీసివేయడమైనది" అని రాశాడు. దాన్ని కుప్ప మీద గుచ్చాడు.

"నక్క బావా, కుప్ప ఇక్కడే ఉంది" అంది కాకి.

"ఆకు చదివావా?"

"చదివాను."

"మరింకేం?" అని నక్క వెళ్ళిపోయాడు. కుప్ప అలాగే ఉంది. ఇప్పుడు దాని మీద ఒక ఆకు కూడా ఉంది.

మూడోరోజు కాకి మళ్ళీ వెళ్ళింది. ఈసారి కోకిల కోతిని పంపింది. కోతికి రాగి కావాలి. కొన్ని పెట్టెలకు నిప్పు పెట్టింది. నల్లటి పొగ లేచింది. మద్దిచెట్టు ఆకులు ఒక వైపంతా మాడిపోయాయి. కోతి రాగి తీగ తీసి తోకకు కడియంలా చుట్టుకుంది. తర్వాత వారం రోజులు దగ్గింది. "చల్లగాలి తగిలింది" అని అందరికీ చెప్పింది.

కాకి ఎలుగుబంటి తాత దగ్గరికి వెళ్ళింది. తాత ఒక చెట్టుకు ఆనుకుని వీపు గోక్కుంటున్నాడు.

"తాతా, దీనికి చట్టం ఏదీ లేదా?"

"ఎందుకు లేదూ! మూడేళ్ళ కిందట పెద్ద సభ పెట్టి మరీ చేశాం."

"అందులో ఏముంది?"

"ముద్ర వేశానమ్మా. చదవలేదు."

"ఇప్పుడు ఎక్కడుంది?"

తాత పక్కకు జరిగాడు. ఆయన వీపు గోక్కుంటున్న బెరడు మీదే ఉంది.

కాకి పైకే చదివింది. "చేసి అమ్మినవారే, పాడైనదాన్ని వెనక్కి తీసుకోవాలి. తీసుకున్నదాన్ని తడవకుండా దాచి, పని తెలిసినవారి చేత విడదీయించాలి. కాల్చరాదు, పాతిపెట్టరాదు. ఇలా చేయనివారు కొత్తది అమ్మరాదు."

కింద అందరి కాలిముద్రలూ ఉన్నాయి. మొదటి ముద్ర కోకిలది. ఆ రోజు సభలో ప్రార్థన పాడింది అదే. చట్టం చదువుతున్నప్పుడు అందరూ దాని పాటకి ఇంకా చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు పొద్దున్నే మద్దిచెట్టు కింద పంచాయితీ. అడవి అంతా వచ్చింది. కోకిల ముక్కు పైకెత్తి కూర్చుంది.

"చట్టం మంచిదే తాతా" అంది. "కానీ ఈ పెట్టెలు నావి కావు. ఎవరో నన్ను చూసి చేసి ఉంటారు."

కాకి కుప్పలోంచి ఒక పెట్టెను లాగి మీట నొక్కింది. ఏమీ లేదు. ఇంకొకటి నొక్కింది. ఏమీ లేదు. మూడోది నొక్కింది. అందులో ఇంకా కాస్త ప్రాణం ఉంది.

"కు... హూ" అంది పెట్టె బొంగురుగా.

అందరూ కోకిల వైపు తిరిగారు. పాము కూడా తిరిగింది, ఒక క్షణం ఆలస్యంగా.

"వదినా," అంది కాకి, "నీ గుడ్డును నేను ఏనాడూ పోల్చుకోలేకపోయాను. నీ గొంతును మాత్రం కళ్ళు మూసుకుని పోల్చుకుంటాను."

ఎలుగుబంటి తాత లేచి నిలబడ్డాడు. "కోకిలమ్మా, చట్టం ప్రకారం అన్నీ తీసుకుపో. అప్పటిదాకా కొత్త పెట్టె అమ్మకూడదు."

"అంత కుప్ప నేను ఒక్కదాన్నే ఎలా చూసుకోను?" అని కోకిల ఏడుపు ముఖం పెట్టింది.

"అంత మంది పిల్లల్ని నేను ఒక్కదాన్నే ఎలా చూసుకున్నాను?" అంది కాకి.



మర్నాడు అడవి ఎప్పుడూ చూడని ఊరేగింపు బయల్దేరింది. "మోత మాది, దాచుకోవడం నీది" అన్నారు అందరూ. ఏనుగు తట్టలు తట్టలుగా మోసింది. చీమలు పద్దెనిమిది మంది చేరి ఒక తీగ ముక్క మోశాయి, దారి పొడుగునా తప్పుకోండి తప్పుకోండి అని కేకలేస్తూ. నెమలి రెండు పెట్టెలు తెచ్చింది, రెండని అందరికీ చెబుతూ. పాము తనదీ తెచ్చింది. అది రెండేళ్ళ కిందటే మూగబోయిందని ఎవరో చెబితే తెలిసిందట.

పడమర మబ్బు కమ్ముకొస్తోంది. కోకిల చెట్టు కింద కుప్ప పెరుగుతోంది. కోకిలకు ఒక చిక్కు వచ్చింది. తడవకుండా దాచాలి. దాచడానికి గూడు కావాలి. కోకిల పుట్టాక ఏనాడూ గూడు కట్టలేదు. పుల్ల ఎటు నుంచి పట్టుకోవాలో కూడా తెలియదు. కాకి కొమ్మ మీద కూర్చుని, "అటు కాదు, ఇటు" అంటూ రెండు రోజులు చెప్పింది. మొదటి గూడు కూలింది. రెండోది వంగింది. మూడోది నిలిచింది. చెట్టు తొర్రకు ఆనించి, పైన తాటాకులు కప్పిన పెద్ద గూడు. చివరి పెట్టె లోపలికి పోయింది. మొదటి చినుకు పడింది.

వాన మూడు రోజులు కురిసింది. కొండ మీది నీళ్ళన్నీ మద్దిచెట్టు కిందికి వచ్చి మడుగులో కలిశాయి. మడుగు నిండింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. మూడు వందల ఎర్రటి పిల్లలు ఆ కొత్తనీటికి ఎదురీదుతూ కేరింతలు కొట్టాయి. కొర్రమీను నీళ్ళపైకి ఇంతెత్తున ఎగిరాడు. కాకి దిగివచ్చి ఆ నీళ్ళే కడుపునిండా తాగింది. అడవి అంతా అరిచిన అరుపుకి ఎలుగుబంటి తాత కూడా నిద్ర లేచాడు. వాన తన నాట్యం వల్లే పడిందని నెమలి చెప్పుకుంది. ఆ రోజు దాన్ని కూడా ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత వడ్రంగిపిట్ట వచ్చి పెట్టెలు విడదీసింది. రాగి ఒక పక్క, ప్లాస్టిక్ ఒక పక్క, బ్యాటరీలు మూతపెట్టిన కుండలో.

"వీటిని జిగురుతో అతికించింది ఎవరు?" అంది వడ్రంగిపిట్ట, ముక్కు నొప్పితో.

"నేనే" అంది కోకిల మెల్లగా. ఆ తర్వాత చేసిన పెట్టెలన్నింటికీ మరలు బిగించింది. తీగలకు ఆ పాత రాగే సరిపోయింది. కోతి తోకకున్నది కూడా అడిగి తీసుకున్నారు.

పాలు పొంగిపోయిన వాసన వస్తోంది. రానివ్వండి, ఇంకొక్క మాటే ఉంది.

మరుసటి ఏడు కాకి గూట్లో అయిదు గుడ్లున్నాయి. కాకి ఒక్కొక్కటే తిప్పి చూసింది. అయిదూ దానివే. కోకిల తన గుడ్డును తాను కట్టిన గూట్లోనే పొదుగుతోంది. కాకి మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు కోకిల గుడ్డు తన గూటికి రాలేదని తాత దగ్గర ఫిర్యాదు చేసింది. "చట్టంలో ఉన్నది అదే కదమ్మా" అన్నాడు తాత. ఈసారి చదివాడు. కాకి అక్కడి నుంచి నేరుగా కోకిల గూటికి ఎగిరింది. కాసేపు చూసింది. "పొదగడం అలా కాదు. జరుగు" అంది.

కోకిల జరిగింది.

నీతి: వస్తువు చేసినవారి బాధ్యత అది అమ్ముడుపోయిన రోజుతో తీరిపోదు. అది పాడై తిరిగి వచ్చిన రోజున దానికి చోటు చూపించాలి.