గుమ్మంలో గూడు

ఆశ్రమానికి వచ్చి ఏడాది దాటినా హైమవతికి మనసు నిలవలేదు.

ఆమె ప్రయత్నంలో లోపం లేదు. తెల్లవారుతూ గంట మోగేసరికే పందిట్లో తన చాప పరుచుకుని కూర్చుని ఉండేది. అందరికంటే ముందు తానే వస్తున్నానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. కానీ కళ్ళు మూసుకోగానే వాకిలి ఊడవాలని గుర్తొచ్చేది. వాకిలి ఊడుస్తుంటే స్నానం గుర్తొచ్చేది. స్నానం చేస్తున్నంతసేపూ వంటపాకలో తరగాల్సిన కూరలు. కూరలు తరుగుతూ సాయంత్రం ధ్యానంలో ఈసారైనా మనసు కుదురుతుందా అని ఆలోచించేది.

ఇక్కడికి రాకముందు ఆమె ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. నడుముకు తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ తర్వాత చేయాల్సిన పని. ఒక మధ్యాహ్నం పిల్లలందరికీ వడ్డన అయ్యాక, కుళాయి దగ్గర చేయి కడుక్కుంటూ వంటమనిషిని అడిగింది, "నేను అన్నం తిన్నానా?" అని.

వంటమనిషి పకపకా నవ్వింది. హైమవతి కూడా నవ్వింది. తర్వాత సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చాలాసేపు ఏడ్చింది. సగం జీవితం అయిపోయింది. అందులో తను ఉన్నదెప్పుడో ఆమెకు గుర్తు రాలేదు.

ఆ తర్వాతే ఉద్యోగం వదిలేసి నల్లమల కొండల్లో ఉన్న ఓబుళమ్మ గారి దగ్గరకు వచ్చింది.

ఓబుళమ్మ గారిని అందరూ అవ్వ అనేవాళ్ళు. బక్కపలచని మనిషి, ఎండకు కమిలిన మొహం, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే పెదాలు. ఆమె ఉపన్యాసాలు ఇచ్చేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే శ్రద్ధగా వినేది. ఒక్కోసారి జవాబు చెప్పేది. ఒక్కోసారి ఏదో పని చెప్పి పంపేది.

చలి తగ్గి ఎండలు మొదలవుతున్న రోజులు. అవ్వ వంటపాక ముందు నీడలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. హైమవతి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, నాకింకేదైనా గట్టి సాధన చెప్పండి."

"ఇప్పుడు చేసేది మెత్తగా ఉండాదా?"

"నవ్వకండి అవ్వా. హాస్టల్లో ఎలా పరిగెత్తానో ఇక్కడా అలాగే పరిగెత్తుతున్నాను. అప్పుడు కాళ్ళతో పరిగెత్తేదాన్ని, ఇప్పుడు కూర్చుని పరిగెత్తుతున్నాను. అంతే తేడా. ఈ ఎండాకాలంలోగా ఏదీ కుదరకపోతే వెళ్ళిపోతాను. ఎందుకు ఊరికే ఇక్కడ ఒక చాప చోటు దండగ చేయడం?"

అవ్వ అంతా విన్నది. ఒలిచిన గింజలు చేటలో పోసి, పొట్టు దులుపుకుంది.

"రేపట్నుంచి నువ్వు నా గుడిసెలో ఉండు. నేను నీ గుడిసెలో ఉంటా."

"మీ గుడిసెలోనా?"

"చాప, చెంబు తెచ్చుకో. నువ్వు చేసే పనులే చేసుకో. కొత్తగా ఏమీ వద్దు."

అవ్వ చేట పట్టుకుని లేచింది.

ఆ రోజంతా హైమవతి కాళ్ళు నేలమీద ఆనలేదు. గురువు గుడిసె! ఇన్నేళ్ళుగా ఉన్న శిష్యులెవరికీ దక్కనిది. అవ్వ తపస్సంతా ఆ మట్టిగోడలకు పట్టి ఉంటుంది. అక్కడ కూర్చుంటే మనసు దానంతటదే అణుగుతుందని అవ్వ ఉద్దేశం కాబోలు. మర్నాడు చాప చంకన పెట్టుకుని, తల కాస్త పైకెత్తి, వంటపాక ముందునుంచి నడిచింది.

వంటపాక చూసుకునే సుబ్బక్క పొయ్యి ఊదుతూ ఆమెను చూసింది.

"అంత మురిసిపోవద్దులే మే," అంది. "అవ్వ గుమ్మంలో తేనెపిట్ట గూడు కట్టింది. వంగి వంగి దూరలేక అవ్వకు మోకాళ్ళు పట్టేసినాయి. అందుకే నీకిచ్చింది."

అది నిజమే. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, లాంతరు తగిలించుకోవడానికి చూరునుంచి వేలాడదీసిన తాడుకు గూడు కట్టి ఉంది. చూడటానికి చెత్త పోగుచేసి వేలాడదీసినట్టుంది. ఎండుగడ్డి, సాలెగూటి పీచు, చెట్టు బెరడు తునకలు. పక్కన చిన్న ద్వారం, దానిమీద చూరులాంటి చిన్న కప్పు. గూడు నిలబడిన మనిషి ఛాతీ ఎత్తులో ఉంది. లోపలికి వెళ్ళాలంటే నడుము వంచి, ఒక పక్కకు ఒరిగి, తడిక తలుపు నెమ్మదిగా జరిపి దూరాలి. తడిక గట్టిగా తోస్తే తాడు ఊగేది. తాడు ఊగితే లోపలున్న ఆడపిట్ట రివ్వున బయటికొచ్చేది. దాని వెనకాలే నల్లగా నిగనిగలాడే మగపిట్ట ఎక్కడినుంచో వచ్చి వాకిట్లో మందారకొమ్మ మీద వాలి, ఆపకుండా తిట్టేది.

హైమవతి రోజుకు ఎన్నిసార్లు తిట్లు తినేదో ఆమెకే తెలియదు. చెంబు మరిచిపోయి వెనక్కి వస్తే ఒకసారి. తువ్వాలు మరిచిపోతే ఇంకోసారి. చీపురు కోసం, చీపురు తీసుకెళ్ళాక చేట కోసం.

"నా గుమ్మంలో నేను దొంగలా దూరాల్సి వస్తోంది," అని సుబ్బక్కతో చెప్పుకుంది.

"నీ గుమ్మం అని ఆ పిట్టకు ఎవరూ చెప్పలేదేమో," అంది సుబ్బక్క.

ఒకరోజు ఆమెకు లేవడం కాస్త ఆలస్యమైంది. గంట కొట్టడానికి సుబ్బక్క అప్పటికే వెళ్తున్న అడుగుల చప్పుడు వినపడింది. హైమవతి చాప అందుకుని, తడిక తోసి, పరుగులాంటి నడకతో పందిట్లోకి చేరింది. గంట మోగింది. అందరికంటే ముందు ఈ రోజు కూడా తానే. ఊపిరి సర్దుకుని కళ్ళు మూసుకుంది.

ధ్యానం ముగిశాక వెలుగులో తిరిగి వచ్చింది. గుమ్మం ముందు, మెత్తటి మట్టిలో, చింతగింజంత గుడ్డు ఒకటి పగిలి ఉంది. చీమలు అప్పటికే చేరాయి.

ఆమె అక్కడే కూలబడింది. తడిక తోసుకుని వస్తున్నప్పుడు భుజానికి ఏదో తగిలిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తగిలింది. ఏమిటో అనుకుంది. తిరిగి చూడలేదు.

కాసేపటికి అవ్వ చేతికర్ర ఆనించుకుంటూ వచ్చింది.

"నేనే అవ్వా," అంది హైమవతి. "భుజానికి తగిలింది. తెలిసింది కూడా. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళి ధ్యానానికి కూర్చున్నాను."

అవ్వ పగిలిన గుడ్డు వైపు చూసింది.

"నన్ను నా గుడిసెకు పంపేయండి. నాకిది చేతకాదు."

అవ్వ కష్టంగా వంగి, పగిలిన పెంకును మందారాకు మీదకు ఎత్తుకుంది. చీమల్ని ఊదింది. వాగువైపున్న కానుగచెట్టు మొదట్లో ఆ ఆకును పెట్టి వచ్చింది. తర్వాత గూటికి దూరంగా నిలబడి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. గూటి ద్వారంలోంచి సన్నటి వంకర ముక్కు ఒకటి బయటికి కనిపిస్తోంది.

"పిట్ట మళ్ళీ వచ్చి కూర్చుంది," అంది. "ఇంకొకటి ఉండాది కదమ్మే."

ఆ మాట అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత హైమవతి సాధన గురించి అవ్వను ఏమీ అడగలేదు. అడగడానికి తీరిక లేకపోయింది.

తడిక జరిపేటప్పుడు ఏ అంచు పట్టుకుంటే చప్పుడు కాదో వెతికింది. కింది అంచు కాస్త ఎత్తి జరిపితే నేలకు రాసుకోదు. గుమ్మంలో కుడి భుజం ముందు పెడితే తాడుకు తగలదు. మాటిమాటికీ లోపలికీ బయటికీ తిరగడం కుదరదు కాబట్టి, బయటికి వెళ్ళేముందు నిలబడి చుట్టూ చూసుకునేది. చెంబు, తువ్వాలు, చీపురు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకునేది.

మొదట్లో ఇదంతా భయంతో చేసింది. ఎప్పుడో భయం పోయి, ఇష్టం మొదలైంది. ఎప్పుడన్నది ఆమెకు తెలియదు.

ఆడపిట్ట మేతకు వెళ్ళే వేళ చూసుకుని వాకిలి ఊడిచేది. దుమ్ము లేవకూడదని ముందు నీళ్ళు చిలకరించేది. తడిసిన మట్టి వాసన వచ్చేది. ఏడాదిగా రోజూ వాకిలి ఊడుస్తూనే ఉంది, కానీ ఆ వాసన ఇదే మొదటిసారి పీల్చినట్టనిపించింది. వాగులో నీళ్ళు ముంచుకునేటప్పుడు చెంబు నిండుతున్న కొద్దీ చప్పుడు మారడం వినపడేది. ఒకరోజు ఆ చప్పుడు మళ్ళీ వినాలని నిండిన చెంబును వాగులో ఒంపేసి మళ్ళీ ముంచింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, తనలో తానే నవ్వుకుంది.

ఒక పొద్దున భోజనాల దగ్గర ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"సుబ్బక్కా, ఇవాళ పచ్చట్లో మెంతులు మాడాయా?"

సుబ్బక్క గరిటె పట్టుకుని నడుం మీద చేయి పెట్టింది. "ఏడాది నుంచి ఉప్పు లేకపోయినా గమ్మున తిన్న మనిషివి. ఇప్పుడు మెంతులు మాడినాయని చెప్పేదానివి అయినావా?"

పక్కన అవ్వ ముద్ద మింగలేక నవ్వింది.

"ఎండాకాలంలో వెళ్ళిపోతానంటివే, ఎప్పుడు ప్రయాణం?" సుబ్బక్క కోపం ఇంకా తగ్గలేదు.

"పిల్ల పుట్టాక చూద్దాం," అంది హైమవతి.

పిల్ల పుట్టింది. ఆ సంగతి ఆమెకు ముందు చెవులకు తెలిసింది. గూటిలోంచి దారం లాగినట్టు సన్నటి చప్పుడు. ఆమె గుమ్మంలో వంగినది వంగినట్టే ఆగిపోయింది. తర్వాత వంటపాకకు వెళ్ళి, సుబ్బక్క చేతులు పట్టుకుని, మాట రాక తల ఊపింది. సుబ్బక్క అర్థం చేసుకుని, మిగిలిన బెల్లంలోంచి ఒక ముక్క విరిచి ఆమె నోట్లో పెట్టింది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కొండమీదనుంచి ఈదురుగాలి దిగింది. ఎండుటాకులు సుడి తిరిగాయి. చూరుకున్న తాడు ఊగడం మొదలుపెట్టింది. గూడు ఒకసారి గుమ్మం గుంజకు కొట్టుకుంది. హైమవతి లేచి, గూటికి పైన తాడును రెండు చేతులతో పట్టుకుంది. గట్టిగా లాగితే తాడు తెగుతుంది. వదిలితే గూడు కొట్టుకుంటుంది. గాలి ఎటు లాగితే అటు చేతులు కొంచెం ఇచ్చి, మళ్ళీ మెల్లగా తెచ్చుకుంటూ నిలబడింది. వాన వచ్చింది. ఏటవాలుగా కొట్టి ఆమె వీపంతా తడిపింది. కిందనున్న గూడు ఆమె నీడలో పొడిగా ఉంది.

"కాఫీ కలిపినా, రా!" అని సుబ్బక్క పాకలోంచి కేకేసింది. హైమవతి పలకలేదు. ఆమె చేతులకు తాడు బరువు తెలుస్తోంది. ఆ బరువులో ఇంకా చిన్న కదలిక ఒకటి తెలుస్తోంది. అదే ఆమెకున్న లోకమంతా.

వాన వెలిశాక సుబ్బక్క గ్లాసు పట్టుకుని వచ్చింది. కాఫీ చల్లారిపోయింది. హైమవతి దాన్ని తాగి, "బాగుంది," అంది. నిజంగానే బాగుందన్నట్టు గ్లాసు అడుగుదాకా తాగింది. సుబ్బక్క ఆమె తల తుడిచింది.

పిల్ల పెరిగింది. గూటి ద్వారం దానికి చాలకుండా పోయింది. తల బయటపెట్టి లోకాన్ని చూసేది. ఆమె వస్తూ పోతూ ఉంటే ఇప్పుడు తల్లిపిట్ట ఎగిరిపోయేది కాదు. మగపిట్ట తిట్టడం మానేసింది.

ఆ రోజు ఇంకా వెలుగు పూర్తిగా రాలేదు. హైమవతి చాప చంకన పెట్టుకుని, తడిక జరిపి, గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. పిల్ల గూటి అంచు మీదకు వచ్చి కూర్చుంది. లోపల కాదు, బయట. రెక్కలు విప్పి మూసింది. తల్లి మందారకొమ్మ మీద వాలి, నోట్లో పురుగు పెట్టుకుని పిలుస్తోంది. ఇవ్వడానికి మాత్రం రావడం లేదు.

హైమవతి ఉన్నచోటే మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది.

పిల్ల ముందుకు వంగింది. భయపడి వెనక్కి జరిగింది. మళ్ళీ వంగింది. తల్లి కొమ్మ మారింది. ఇంకొంచెం దగ్గరగా వచ్చి, మళ్ళీ దూరంగా వెళ్ళింది. కొండమీద వెలుగు పసుపురంగుకు తిరిగింది. పిల్ల గొంతు కింద మెత్తటి ఈకలు ఊపిరికి లేచి పడుతున్నాయి. హైమవతి ఊపిరి కూడా దానితోపాటే లేచి పడుతోంది.

పిల్ల గూడు వదిలింది.

ఎగరడం కాదది, పడుతూ పడుతూ రెక్కలు కొట్టుకోవడం. మందారకొమ్మను అందుకుని, జారి, తలకిందులై, మళ్ళీ నిలదొక్కుకుంది. తల్లి వచ్చి దాని నోట్లో పురుగు పెట్టింది. తర్వాత రెండూ కానుగచెట్టు వైపు వెళ్ళాయి. మగపిట్ట ఎక్కడినుంచో వచ్చి వాటి వెనకాలే పోయింది.

హైమవతి మొహమంతా తడిగా ఉంది. నవ్వుతోంది కూడా.

అప్పుడు వీపుకు ఎండ తగిలింది. ఉలిక్కిపడి లేచింది. పొద్దెక్కిపోయింది. పందిట్లోంచి అందరూ చాపలు చుట్టుకుని బయటికి వస్తున్నారు.

ఆమె వెళ్ళింది. పరిగెత్తలేదు. అవ్వ ఇంకా తన చోటే కూర్చుని ఉంది. సుబ్బక్క పక్కనే నిలబడి ఉంది.

"అవ్వా, ఈ పొద్దు ధ్యానానికి రాలేదు నేను. గంట వినపడనే లేదు."

"నువ్వా?" అంది సుబ్బక్క. "కొండంతా అదిరేటట్టు కొట్టినానే!"

అవ్వ చాప చుడుతూ తల ఎత్తింది.

"రాలేదే అని నేనే పిలవడానికి వచ్చినా. వాకిలి దాకా వచ్చి చూసి, వెనక్కి వచ్చేసినా."

"మరి ఎందుకు పిలవలేదు అవ్వా?"

"ధ్యానంలో ఉన్న మనిషిని పిలుస్తారా ఎవరన్నా?" అంది అవ్వ.